కోల్డ్ స్టోరేజీలో ఫిజిక్స్ పాఠాలు

మీలో ఎవరైనా ఇంట్లో కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ కొనే ఆలోచనలో ఉంటే, ఇది చదివేదాకా కాస్త ఆగండి. డబ్బు మిగులుతుందని మాట ఇవ్వలేను గానీ, కాపురం మిగులుతుంది. నేను ఒక్క డిస్క్ కొని ఇంట్లో భార్య ముందు, యార్డులో నలుగురి ముందు, చివరికి ఇంటర్మీడియట్ పరీక్ష రాసే పిల్లల ముందు కూడా పరువు పోగొట్టుకున్నాను. ఒకే వస్తువుతో మూడు చోట్ల పరువు పోవడం మా వంశంలో ఇంతవరకూ ఎవరికీ సాధ్యం కాలేదు.

నా పేరు కోటేశ్వరరావు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. దర్శి దగ్గర మా ఊళ్ళో నాలుగెకరాల మిరప తోట కూడా ఉంది. మిరపకాయ చూడటంలో నా చేతికి పేరుందని నేనే చెప్పుకుంటే బాగుండదు, కానీ ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి చెబుతున్నాను. టిక్కీలోకి, అంటే మా యార్డు భాషలో మిర్చి బస్తాలోకి, చెయ్యి దూర్చి గుప్పెడు కాయ తీయాలి. అరచేతిలో బరువు చూడాలి. ఒక కాయని చెవి దగ్గర పెట్టి ఆడించాలి. లోపల గింజ గలగలమంటే బాగా ఎండిన సరుకు. కిక్కురుమనకపోతే తేమ ఉన్నట్టు. తెల్లబారి తేలిగ్గా ఉంటే తాలు. శాస్త్రం ఇంతే. ఈ శాస్త్రంతోనే నేను పుచ్చకాయలు కొన్నాను, కుక్కర్ కొన్నాను, సీలింగ్ ఫ్యాన్ కొన్నాను, చివరికి పెళ్ళిచూపుల్లో... ఆ సంగతి వద్దులెండి, సరళ ఇది చదువుతుంది.

సరళ నా భార్య. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. మా వైపు ఒక సంగతి ఉంది. జనవరి దాటితే మిరప కోతలు మొదలవుతాయి. తరగతి గదులు ఖాళీ అవుతాయి. ఇంటర్ చదివే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, తల్లులతో కలిసి కూలికి పోతారు. కోతలు అయ్యేసరికి పరీక్షలు వచ్చేస్తాయి. ఫిజిక్స్ తప్పుతారు. ప్రతి ఏడూ ఇదే తంతు. సరళకి ఇది చూసి చూసి కడుపు మండి, ఆ పిల్లలు సప్లిమెంటరీకైనా అందుకునేలా పాఠాలన్నీ వీడియోలు తీసి నెట్‌లో పెడదామనుకుంది. ఆదివారం వస్తే చాలు, మా పడకగది గోడకి నల్లబోర్డు, ఎదురుగా ఫోను. ఫ్యాన్ చప్పుడు పాఠంలో పడుతుందని ఫ్యాను కట్టేసేది. గుంటూరులో ఫ్యాను కట్టేసి పాఠం చెప్పే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. నేనైతే వరండాలోకి పారిపోయేవాణ్ణి.

వీడియోలు పెరిగాయి, కంప్యూటర్ నిండిపోయింది. ఒకరోజు సరళ అంది, "ఏమండీ, అరండల్‌పేటలో మీ శ్రీను కొట్టుకెళ్ళి ఎస్.ఎస్.డి. అని అడిగి తీసుకురండి. అడగడం, తేవడం అంతే. ఇంకేం చూడకండి."

చూడటమే వృత్తిగా బతికే మనిషితో "ఇంకేం చూడకండి" అనడం ఎంత అవమానమో గమనించారా? ఆ పౌరుషంతోనే బయల్దేరాను.

శ్రీను మా ఊరివాడే. కంప్యూటర్లు అమ్ముతాడు, బాగుచేస్తాడు. నన్ను కూర్చోబెట్టి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు పాపం.

"ఇది ఎస్.ఎస్.డి. అన్నా. లోపల తిరిగేది ఏమీ ఉండదు, అంతా చిప్పులే. శబ్దం రాదు, పెద్దగా వేడెక్కదు, చెయ్యి జారినా తట్టుకుంటుంది. చిటికెలో తెరుచుకుంటుంది."

అందుకుని అరచేతిలో పెట్టుకున్నాను. పెట్టుకున్నట్టే అనిపించలేదు. మా అమ్మ వాడే వక్కపొడి డబ్బీ నయం. చెవి దగ్గర పెట్టి ఆడించాను. నిశ్శబ్దం.

"శ్రీనూ, ఇందులో అసలు సరుకుందా?"

"ఫుల్లుగా ఉందన్నా."

"ఏమీ వినపడట్లేదే."

"వినపడదన్నా. అదే దాని గొప్పతనం."

"తాలుకాయ అమ్మేవాడు కూడా ఇట్లాగే అంటాడు. ఇంకో రకం లేదా?"

శ్రీను నిట్టూర్చి కింది అరలోంచి ఇంకోటి తీశాడు. "ఇది పాత రకం, హార్డ్ డిస్క్. లోపల పళ్ళేల్లాంటివి గిరగిరా తిరుగుతుంటాయి, వాటి మీద సన్నటి చెయ్యి ఒకటి కదులుతూ రాస్తుంటుంది, చదువుతుంటుంది. అదే రేటుకి చోటు ఎక్కువ వస్తుంది, కాదనను. కానీ నిదానం. చప్పుడు, వేడి. దెబ్బ తగిలినా, తేమ తగిలినా పోద్ది."

నేను అతని మాటలు వినడం అప్పటికే మానేశాను. ఎందుకంటే ఆ వస్తువు నా చేతిలో ఉంది. చెయ్యి కిందికి దిగింది, మనసు పైకి లేచింది. ఇనుము! అరకిలో పైమాటే! ఇదీ సరుకంటే! అలవాటు ప్రకారం చెవి దగ్గర పెట్టి ఒక్క ఊపు ఊపాను.

"అన్నా! ఆడించకన్నా!" శ్రీను కౌంటర్ మీదికి ఎగబడ్డాడు. "లోపల చెయ్యి విరిగిద్ది!"

వీడు ఇంత భయపడుతున్నాడంటే లోపల అసలైన సరుకు ఉన్నట్టేనని తేల్చుకున్నాను.

"ఇదే కట్టు."

"వదిన ఎస్.ఎస్.డి. అనే కదన్నా చెప్పింది?"

"మీ వదిన చదువుకున్న మనిషిరా. సరుకు చూడటం నా పని."

ఇంటికి తెచ్చి సరళ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఏమండీ, ఇది ఎస్.ఎస్.డి. కాదు."

"అంతకన్నా మంచిది. పట్టుకుని చూడు, ఎంత బరువుందో!"

"పదిహేనేళ్ళ నుంచి ఫిజిక్స్ చెబుతున్నాను. బరువుకీ జ్ఞాపకశక్తికీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు," అంది. కానీ తిప్పి పంపలేదు. చోటు ఎక్కువే కదా, వీడియోలు దాచుకోడానికి పనికొస్తుందని పెట్టించుకుంది. అది తిరిగేటప్పుడు కిర్రుమనేది, మధ్యలో టిక్కుటిక్కుమనేది.

"విన్నావా? పని చేసేవాడు చప్పుడు చేస్తాడు," అన్నాను గర్వంగా.

"చప్పుడు చేసేవాళ్ళంతా పని చేస్తారని లేదు," అంది సరళ. ఎవర్ని అందో అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఎండలు ముదిరాయి. పాఠాలు పూర్తయ్యాయి. అన్నీ ఆ డిస్క్‌లోకే ఎక్కించి, ఫోనులో, కంప్యూటర్‌లో చోటు ఖాళీ చేసేసింది. సరిగ్గా అప్పుడే ఒంగోలులో వాళ్ళక్కకి మోకాలి ఆపరేషన్ పడింది. సరళ బయల్దేరుతూ డిస్క్ ఊడదీసి నా చేతికిచ్చింది.

"అక్క కాస్త నడవగానే వచ్చి సప్లిమెంటరీ లోపు అన్నీ నెట్‌లో పెట్టేస్తాను. ఏడాది ఆదివారాలన్నీ ఇందులోనే ఉన్నాయి. మన డాబా ఇల్లు కాలిపోతోంది, దీన్ని ఎక్కడైనా చల్లగా ఉండే చోట పెట్టండి. జాగ్రత్త."

చల్లగా ఉండే చోట. మీరైతే ఏం చేసేవారు? మంచం కింద పెట్టేవారు. మహా అయితే వంటింటి గూట్లో కడవ పక్కన పెట్టేవారు. ఎందుకంటే మీకు విలువైన వస్తువుని దాచడం తెలియదు. నేను గుంటూరువాణ్ణి. ఏడాది కష్టాన్ని రంగు పోకుండా, పురుగు పట్టకుండా, రేపు తీసినా నిన్న కోసినట్టు ఉంచాలంటే మాకు తెలిసిన చోటు భూమ్మీద ఒక్కటే. కోల్డ్ స్టోరేజీ.

మా తోట కాయ అప్పటికే అక్కడ ఉంది. రేటు లేక ఎక్కించి పెట్టాను. అక్కడి సూపర్‌వైజర్ మనవాడే. "కాయ ఒకసారి చూసుకోవాలి" అని లోపలికెళ్ళి, ఒక టిక్కీ కుట్టు విప్పి, డిస్క్‌ని తువ్వాల్లో చుట్టి కాయ మధ్యలోకి దోపి, మళ్ళీ కుట్టేశాను. బయటికొస్తూ ఆ చల్లదనానికి వణుకుతూ, సరళ చూస్తే ఎంత మురిసిపోయేదో అనుకున్నాను.

ఫోను చేసినప్పుడల్లా అడిగేది, "డిస్క్ చల్లగానే ఉందా అండీ?"

"మనిద్దరికన్నా చల్లగా ఉంది," అనేవాణ్ణి. అబద్ధం ఒక్క ముక్క లేదు చూశారా?

ఇంతలో మిర్చి రేటు లేచింది. ఎన్నాళ్ళనుంచో మూలుగుతున్న రేటు ఒక్కసారిగా లేచి కూర్చునేసరికి యార్డంతా పెళ్ళిపందిరిలా అయింది. అలాంటప్పుడు మా బుర్రలో ఒకే ఒక్క తలుపు తెరుచుకుంటుంది, మిగతావి వాటంతటవే మూసుకుపోతాయి. వెంకట్రామయ్యగారని ఎగుమతి చేసే పెద్ద కొనుగోలుదారు, శాంపిల్ చూసి, కాయ ఊపి, "లాట్ మొత్తం ఇచ్చేస్తావా?" అన్నారు. నోరు "ఇచ్చేస్తానండీ" అంది. బుర్రని అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ సంతోషంలో బిర్యానీ తెప్పించుకుని కొట్లో కూర్చుని తింటున్నాను. సరళ ఫోను.

"ఏమండీ, అక్క నడుస్తోంది. సాయంత్రం బస్సుకి వచ్చేస్తున్నా. ఆ డిస్క్ తీసి ఉంచండి."

ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. ఎదురుగా మా గుమాస్తా, "ఏమైందండీ, ఎముక అడ్డం పడిందా?" అన్నాడు. ఎముక అయితే దిగేది.

కోల్డ్ స్టోరేజీకి పరుగెత్తాను. "మీ లాట్ పొద్దున్నే లారీ ఎక్కిందండీ," అన్నాడు సూపర్‌వైజర్. అక్కణ్ణుంచి ఊరి బయట వెంకట్రామయ్యగారి గోడౌనుకి. ఆ గోడౌన్లో ఆడకూలీలు వరసగా కూర్చుని కాయకి తొడిమలు తీస్తుంటారు. లోపల అడుగు పెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ముల మధ్య కళ్ళు తెరిచి చూస్తే, వెంకట్రామయ్యగారు ఎదురుగా నిలబడి ఉన్నారు. చేతిలో నా తువ్వాలు. తువ్వాల్లో నా ఇనుము.

"రావయ్యా కోటేశ్వరరావూ. నీకే కబురు పెట్టబోతున్నా. ఇదేంది?"

"హార్డ్ డిస్క్ అండి."

"టిక్కీలో రాళ్ళు పెట్టినవాళ్ళని చూశా. ఇసుక పోసినవాళ్ళని చూశా. తూకానికి నీళ్ళు చల్లేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. తూకానికి కంప్యూటర్ పెట్టినవాణ్ణి మాత్రం నిన్నే చూస్తున్నా."

దొంగకి తేలు కుడితే ఎలా ఉంటుందో తెలుసుగా? నేను దొంగని కాదు, అయినా తేలు మాత్రం కుట్టింది.

"తూకం కోసం కాదండీ! అందులో పాఠాలున్నాయి!"

"ఏం పాఠాలు?"

"ఫిజిక్స్ అండి."

తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. టిక్కీ విప్పినప్పుడు దాన్ని మొదట పట్టుకున్న మరియమ్మ అనే ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో నా తల్లీ! మా పిల్ల ఫిజిక్స్ బరువు, ఫిజిక్స్ బరువు అని ఏడస్తంటే సాకులు చెబతందనుకున్నా. నిజంగా ఇంత బరువా!"

గోడౌను రేకులు ఎగిరిపోయేలా నవ్వారు అందరూ. వెంకట్రామయ్యగారు మాత్రం నవ్వలేదు.

"పాఠాలైతే మిరపకాయల్లో ఎందుకు పెట్టావు?"

"చల్లగా ఉంటుందనండి."

"ఇంత బరువుది ఎందుకు కొన్నావు?"

"బరువుంటే మంచిదనండి."

"బరువుంటే మంచిదనే కదయ్యా టిక్కీలో పెట్టింది!"

చూశారా, నిజం ఎంత ప్రమాదమో? అబద్ధమైతే ఏదో ఒక సందు దొరికేది. నేను చెప్పిన ప్రతి నిజమూ నన్నే పట్టిచ్చింది. ఆయన చివరికి, "ఈ లాట్‌లో ఇంకా లెక్కలూ, కెమిస్ట్రీ ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు," అని మిగతా టిక్కీలన్నీ నా ముందే విప్పించారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఆయనకి కాస్త నిరాశ కలిగినట్టే కనిపించింది. అంతసేపూ చల్లటి కాయలోనే పడి ఉన్న డిస్క్ తీసి నా చేతిలో పెట్టి, "మీ ఆవిడ ముఖం చూసి వదిలేస్తున్నా," అన్నారు.

బయటికి వస్తుంటే మరియమ్మ వెనకే వచ్చింది. ఈసారి నవ్వడం లేదు. "బాబూ, సరళ మేడం పాఠాలేనా అయ్యి? మా సునీత కోతలకొచ్చి ఫిజిక్స్ తప్పింది. మేడం నెట్‌లో పెడతానందంట, రోజూ ఫోను చూసుకుంటంది. పాఠాలకేం కాలేదుగా?"

"ఏం కాలేదమ్మా," అన్నాను. నా చేతిలో డిస్క్ అప్పటికే చెమట కక్కుతోంది. పక్కనే నేనూ.

ఇంటికొచ్చి తుడిచాను. తుడిచేకొద్దీ నీళ్ళు పుడుతూనే ఉన్నాయి. డిస్క్ తడిశాక తువ్వాలు పట్టుకోవడమంటే ఇదే. అప్పుడైనా ఊరుకుని పక్కన పెట్టి ఉంటే బతికేదని తర్వాత శ్రీను చెప్పాడు. కానీ సరళ వచ్చేలోపు పాఠాలు భద్రంగా ఉన్నాయో లేదో చూసుకోవాలని నా ఆత్రం. శ్రీనుకి ఫోను చేసి వైర్లు ఎక్కడ దోపాలో అడిగాను. కోల్డ్ స్టోరేజీ సంగతి మాత్రం చెప్పలేదు. పరువు అనేది ఒకటుందని అప్పటికింకా నా నమ్మకం.

స్విచ్ వేశాను. కిర్రుమంది. టక్కుమంది. టక్, టక్, టక్... ఆ తర్వాత, ఏ శబ్దం కోసం నేను దాన్ని కొన్నానో సరిగ్గా ఆ శబ్దమే వచ్చింది. లోపల గింజలున్నట్టు గలగలమంది. ఆపైన మాట లేదు.

సరళ వచ్చింది. సంచి కింద పెట్టకముందే డిస్క్ చేతిలోకి తీసుకుంది. వాసన చూసి తుమ్మింది.

"ఏమండీ, దీనికి మిరపకాయ ఘాటేమిటి?"

చెప్పాను. మొదటినుంచీ చివరిదాకా, ఒక్క తుమ్ము కూడా వదలకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నల్లబోర్డు కింద మంచం మీద కూర్చుని, డిస్క్‌ని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అంది, "మిరపకాయల వల్ల పాఠాలు పోగొట్టుకున్న పిల్లల కోసం చేశానండీ ఇవి. ఇవి కూడా మిరపకాయలకే ధారపోశారా?"

నిజంగా సిగ్గుపడ్డాను. ఇక్కడ మాత్రం నవ్వించడానికి ఏమీ లేదు.

హైదరాబాద్ పంపితే పాఠాలు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, ఎన్నాళ్ళు పడుతుందో తెలియదన్నాడు శ్రీను. పరీక్షలు ముంచుకొచ్చేశాయి. సరళ ముఖం కడుక్కుని వచ్చి, "ఒకసారి చెప్పిన పాఠం మళ్ళీ చెప్పలేనా? సుద్దముక్కలు తీసుకురండి. మీరు ఫోను పట్టుకోండి," అంది. ఈసారి వరండాలోకి పారిపోయే వీలు లేకపోయింది. ఫ్యాను కట్టేసిన గదిలో, ఎండాకాలం గుంటూరులో, న్యూటన్ మొదలుకుని అందరినీ నేనూ చదువుకున్నాను. అంతకుముందు శ్రీను కొట్టుకి వెళ్ళి కళ్ళు మూసుకుని చెయ్యి చాపాను.

"ఎస్.ఎస్.డి. కవర్లో వేసి ఇవ్వరా. నన్ను ముట్టుకోనివ్వకు."

"ఆడిస్తావా అన్నా ఒకసారి?" అన్నాడు వెధవ.

ఒక ఉదయం నీటి ఆవిరి పాఠం వచ్చింది. సరళ బల్లమీద నుంచి చచ్చిపోయిన నా డిస్క్ తీసి కెమెరాకి చూపించింది. నాకు ముందుగా చెప్పలేదు.

"పిల్లలూ, గాలిలో కంటికి కనపడని నీటి ఆవిరి ఉంటుంది. చల్లటి వస్తువుని వేడిగాలిలోకి తెస్తే ఆ ఆవిరి దానిమీద నీటిబొట్లుగా మారుతుంది. కోల్డ్ స్టోరేజీలోంచి తెచ్చిన ఈ హార్డ్ డిస్క్‌కి అదే జరిగింది. హార్డ్ డిస్క్ కోల్డ్ స్టోరేజీకి ఎందుకు వెళ్ళిందని అడగకండి. ఆ సమాధానం సిలబస్‌లో లేదు. వీడియో కాస్త కదులుతోంది, ఏమీ అనుకోకండి. ఫోను పట్టుకున్నాయన ఆ డిస్క్ కొన్నాయనే."

పరీక్షలకి ముందు అన్ని పాఠాలూ నెట్‌లోకి ఎక్కాయి. అన్నిటికన్నా ఎక్కువమంది చూసింది ఏదో మీకు చెప్పనక్కర్లేదు. యార్డులో ఇప్పటికీ నేను శాంపిల్ పెడితే వెంకట్రామయ్యగారు చెయ్యి దూర్చబోతూ ఆగి, "ఫిజిక్స్ ఉందా, లేకుండానా?" అంటారు.

ఫలితాలు వచ్చిన రోజున మరియమ్మ మా కొట్టు ముందు ఆగింది. ముఖమంతా వెలుగు.

"బాబూ, మా సునీత పాసయింది! ఆ నీళ్ళ బొట్ల ప్రశ్న వచ్చిందంట. మిగతావన్నీ తడబడిందంట గానీ, అది మాత్రం గడగడా రాసేసిందంట. మీరే కళ్ళముందు కనపడ్డారంట బాబూ!"

ఏం చెప్పమంటారు? విద్యాదానం చెయ్యడానికి ఒక్కొక్కరికి ఒక్కో దారి ఉంటుంది.

కాబట్టి కోటేశ్వరరావు అనబడే నేను, ఎండుమిర్చి సాక్షిగా, భార్య సమక్షంలో, తుమ్ము రాకుండా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మిరపకాయని తప్ప దేన్నీ చెవి దగ్గర పెట్టి ఊపను. చప్పుడు చెయ్యని వస్తువుని తాలు అనను, చప్పుడు చెయ్యని మనిషిని అసలే అనను. కోల్డ్ స్టోరేజీలో కాయ తప్ప మరేదీ, ఎంత ఎండ కొట్టినా నా తలకాయ కూడా, పెట్టను. ఈ ప్రమాణం కాపీలు రెండు చేయించాను. ఒకటి సరళ దగ్గర ఉంది. రెండోది ఎక్కడ దాచాలో కూడా సరళే చెబుతుంది, నన్ను ఆలోచించవద్దంది.